టీమ్‌లో లేని పిల్లలకు ఏడాదంతా ఏం చేయించాలి?

ప్రశ్న: హైస్కూల్లో నేనొక్కడినే పీఈటీని. 14 సెక్షన్లు, సెక్షన్‌కు 44 మంది. ఒక్కో సెక్షన్‌కు వారానికి రెండు పీరియడ్లు. గ్రౌండ్ 100 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు. పోయినేడాదంతా టీమ్ సెలక్షన్లు, మ్యాచ్‌లు, స్పోర్ట్స్ డేతోనే సరిపోయింది. మిగతా రోజుల్లో బంతి ఇచ్చి వదిలేశాను. ఆడేవాళ్లే ఆడారు, మిగతావాళ్లు చెట్టు కింద కూర్చున్నారు. స్పోర్ట్స్ డే నాడు 200 మీటర్ల పరుగులో బయటి లేన్ల పిల్లలు తాము ఎక్కువ దూరం పరుగెత్తామని గొడవపడ్డారు. ఏడాది చివరికి సగం బంతులు పనికిరాకుండా పోయాయి. ఈసారి ఏడాదిని ఎలా వేసుకోవాలి?

సమాధానం: మాస్టారూ, మీ ఇబ్బందంతా మీరు రాసిన ఒక్క మాటలోనే ఉంది: "ఆడేవాళ్లే ఆడారు." మీ దగ్గర 616 మంది పిల్లలున్నారు. అన్ని టీమ్‌లూ కలిపినా డెబ్బై మందికి మించకపోవచ్చు. ప్లాన్ ఆ డెబ్బై మందితో మొదలుపెడితే, మిగతా 540 మందికి మిగిలిపోయిన సమయమే దక్కుతుంది. ఈసారి వరస మార్చండి. ముందు పీరియడ్ గట్టిపడాలి. పీరియడ్‌లో నేర్చుకున్న ఆటతోనే సెక్షన్ల మధ్య పోటీలు పెట్టాలి. టీమ్ ఆ పోటీల్లోంచి రావాలి. స్పోర్ట్స్ డే వీటన్నిటి చివర రావాలి.

మొదట పీరియడ్లు లెక్కపెట్టండి. స్కూలు 36 వారాలు నడుస్తుందనుకుంటే సెక్షన్‌కు 72 పీరియడ్లు. పరీక్షలు, సెలవులు, వానలు, మీరు టీమ్‌ను తీసుకుని బయటికి వెళ్లే రోజులు పోతే నాలుగో వంతు ఎగిరిపోతాయి. అందుకే 54 పీరియడ్లకే ప్లాన్ వేయండి. అందులో ఆరు ఫిట్‌నెస్ పరీక్షలకు, మొదట్లో మూడు, చివర్లో మూడు. మిగిలిన 48ని ఎనిమిదేసి పీరియడ్ల ఆరు భాగాలు చేయండి. ఒక్కో భాగానికి ఒక్క ఆట. రెండు మూడు పీరియడ్లకో ఆట మార్చితే ఏదీ రాదు. పన్నెండు పీరియడ్లు ఒకే ఆట ఆడిస్తే అది రాని పిల్లలు విసిగిపోతారు. ఎనిమిదైతే సర్వీసు కూడా వేయలేని పిల్ల, ఆ భాగం ముగిసేసరికి ఒక చిన్న మ్యాచ్ పూర్తిగా ఆడగలుగుతుంది. ఆరు భాగాల్లో కనీసం ఒకటి పరుగు, దూకుడు, విసురుడుకు, ఇంకొకటి బంతి లేని పనికి, అంటే యోగా, జిమ్నాస్టిక్స్ లాంటివాటికి ఉంచండి. బంతి ఆటల్లో వెనకబడే పిల్లలు చాలామంది అక్కడ ముందుకొస్తారు. ఎండ ముదిరే వారాల్లో, వానల వారాల్లో గదిలోనో వరండాలోనో చేయించగలిగిన భాగం పెట్టుకోండి. వాన పడ్డాక ఏం చేయించాలా అని వెతుక్కుంటే ఆ పీరియడ్ పోయినట్టే.

ఇక పీరియడ్ సంగతి. మీరు మార్చాల్సింది అసలు ఇక్కడే. పది మందిని ఒక వరసలో నిలబెట్టి డ్రిబ్లింగ్ చేయిస్తున్నారనుకోండి. ఒక్కొక్కరికీ 15 సెకన్లు పడుతుంది. వరస ఒకసారి తిరగడానికి 150 సెకన్లు. పావుగంటలో ఒక పిల్లాడికి ఆరు సార్లు వంతు వస్తుంది. అంటే 90 సెకన్ల కదలిక, మిగిలిన పదమూడున్నర నిమిషాలు నిలబడటమే. అదే వరసలో ముగ్గురే ఉంటే పావుగంటలో 20 వంతులు, 5 నిమిషాల పని. బంతులు చాలకపోతే టెన్నిస్ బంతులు, ఇసుక సంచులు, చుట్టి కట్టిన గుడ్డ బంతులు వాడండి. వరసలో ముగ్గురికి మించి నిలబడకూడదనే ఒక్క నియమం పెట్టుకున్నా మీ పీరియడ్ మారిపోతుంది.

మ్యాచ్ ఆడించేటప్పుడూ ఇదే లెక్క. 11 మంది చొప్పున రెండు జట్లు ఒక బంతితో ఆడితే 22 మంది బయట కూర్చుంటారు. ఆడేవాళ్లలోనూ బంతి తిరిగేది ఐదారుగురి మధ్యే. 44 మందిని నలుగురి చొప్పున 11 జట్లు చేయండి. కోన్లు పెట్టి 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున్న ఐదు చిన్న కోర్టులు వేయండి, మీ గ్రౌండ్‌లో సులువుగా పడతాయి. పది జట్లు ఆడుతుంటే పదకొండో జట్టు కోర్టుకొకరు చొప్పున స్కోరు రాస్తుంది, ఐదో కోర్టుకు మీరుండండి. మూడున్నర నిమిషాలకోసారి విజిల్ వేసి జట్లు మార్చండి. ఐదు బంతులు చాలు. గోల్‌కీపర్లు వద్దు, రెండు కోన్ల మధ్య మీటరున్నర సందు గోల్. నలుగురి జట్టులో దాక్కోవడానికి చోటుండదు. భయపడే పిల్లకు కూడా బంతి వచ్చి తీరుతుంది.

నలభై నిమిషాల పీరియడ్ ఇలా పంచుకోండి: రావడానికి 4, హాజరూ వార్మప్‌కు 6, ఒకే ఒక్క మెలకువకు 10, చిన్న మ్యాచ్‌లకు 15, సామాను సర్ది నీళ్లు తాగడానికి 5. చెప్పేది ఒక నిమిషం దాటకూడదు. ఎండ పిల్లల కళ్లలో కాకుండా మీ కళ్లలో పడేలా నిలబడి చెప్పండి.

ఒంట్లో బాగోలేని పిల్లలకు స్కోరు, టైమ్‌కీపింగ్, రిఫరీ పనులు ఇవ్వండి, చెట్టు కిందకు పంపొద్దు. నెలసరి రోజుల్లో అమ్మాయిలను బలవంతపెట్టొద్దు, తప్పించనూ వద్దు. "ఇవాళ ఆడతావా, స్కోరు రాస్తావా?" అని పక్కకు పిలిచి అడిగితే ఎక్కువమంది ఆడతామనే అంటారు. వైకల్యం ఉన్న పిల్లలుంటే నాలుగు విషయాలు మార్చి చూడండి: స్థలం, పని, పరికరం, మనుషులు. కోర్టు చిన్నది చేయడం, బంతి ఒకసారి నేలకు తగిలాక పట్టుకోనివ్వడం, మెత్తటి పెద్ద బంతి ఇవ్వడం, జట్టులో ఒకరిని ఎక్కువ పెట్టడం. సాధారణంగా వీటిలో ఒకటి మారిస్తే సరిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు బాగా కదిలే పని కావాలి. వారానికి రెండు పీరియడ్లతో అది తీరదు. అందుకే మీ పీరియడ్‌లో నేర్పే ఆట, మీరు లేకుండా నలుగురు పిల్లలు ఒక బంతితో సాయంత్రం ఆడుకోగలిగేదై ఉండాలి.

స్కూలు తెరిచిన మొదటి రెండు వారాలు బంతి బయటికి తీయకపోయినా ఫర్వాలేదు. ముందు ప్రతి పిల్ల గురించీ ఇంటి నుంచి ఒక కాగితం రాయించుకోండి: ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, అలర్జీ, పాత ఫ్రాక్చర్లు, ఇంటి ఫోన్ నంబరు. పరుగులో ఎప్పుడైనా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఆ పిల్లను డాక్టరు చూసేదాకా పరుగెత్తించకండి. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో కాదు, గ్రౌండ్‌లో వాళ్ల దగ్గరే ఉండాలి.

తర్వాత గ్రౌండ్ అంతా అడ్డంగా, నిలువుగా నడిచి చూడండి. గుంటలు, గాజు ముక్కలు, పైకి తేలిన మేకులు ఏరించండి. గోల్‌పోస్టులు కదిలేవైతే వాటిని నేలకు బిగించనిదే ఒక్క పీరియడ్ కూడా జరపకండి. పిల్లలు పైకడ్డీకి వేలాడతారు. పోస్టు ముందుకు పడితే కడ్డీ తల మీదే పడుతుంది. ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. వెనక కడ్డీని నేలలోకి దిగిన ఇనుప మేకులతో రెండు మూడు చోట్ల బిగించండి. మేకులు దిగని నేలైతే బరువైన ఇసుక బస్తాలు వేయండి. వాడనప్పుడు పోస్టులను బోర్లా పడుకోబెట్టి గొలుసుతో కట్టేయండి.

ఫిట్‌నెస్ పరీక్షలకు మూడు చాలు: 20 మీటర్ల షటిల్ రన్ (రెండు గీతల మధ్య బీప్‌కు తగ్గట్టు అటూ ఇటూ పరుగు), నిలబడి దూకే బ్రాడ్ జంప్, కూర్చుని ముందుకు వంగి అందుకునే పరీక్ష. షటిల్ రన్‌లో వేగం గంటకు 8.5 కిలోమీటర్లతో మొదలై నిమిషానికి అరకిలోమీటరు చొప్పున పెరుగుతుంది. దానికి బీప్‌ల ఆడియో ఉంటుంది. 20 మీటర్లు అడుగులతో కొలవకండి, టేపు పట్టండి. ప్రతిసారీ ఒక మీటరు తేడా వస్తే మొత్తం ఫలితమే తప్పిపోతుంది. ఒకసారికి పదిహేను మంది పరుగు, వాళ్ల జోడీలు పక్కన కూర్చుని లెక్క. బ్రాడ్ జంప్‌లో గీతకు దగ్గరగా దిగిన మడమ దగ్గరే కొలవాలి. ఏడాది చివర మళ్లీ పెట్టేటప్పుడు అదే నేల, అదే వేళ ఉండాలి. మార్కులు బయటికి చదవొద్దు. ఆ పిల్ల మొదటి అంకె పక్కనే రెండో అంకె రాసి ఆమెకు మాత్రం చూపించండి. మధ్యలో ఎదుగుదల కూడా కలుస్తుంది కాబట్టి పెరిగిందంతా మీ శిక్షణ వల్లే అనుకోవద్దు.

సెలక్షన్ల విషయంలో ఒక్కటే చెప్తాం, కానీ పట్టుబట్టి చెప్తాం. సెలక్షన్ షీటులో పేరు పక్కన పుట్టిన తేదీ, ఎత్తు రాయండి. అండర్-14 అంటే ఒకే జట్టులో ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. పైగా అమ్మాయిలు పన్నెండేళ్ల ప్రాంతంలో, అబ్బాయిలు పద్నాలుగేళ్ల ప్రాంతంలో వేగంగా ఎత్తు పెరుగుతారు. అదీ అందరికీ ఒకేసారి కాదు. ముందు ఎదిగినవాణ్ణి ఆటగాడనీ, ఇంకా ఎదగనివాణ్ణి పనికిరాడనీ పొరబడటం చాలా సులువు. తేదీలు రాసి చూస్తే మీ జాబితాలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ కనబడొచ్చు. కనబడితే రిజర్వు జాబితా పెద్దది చేసి, ఏడాది మధ్యలో మళ్లీ సెలక్షన్ పెట్టండి.

ఎత్తు వేగంగా పెరిగే నెలల్లో మోకాలి కింద ఉబ్బెత్తు ఎముక దగ్గర నొప్పి, మడమ వెనక నొప్పి వస్తాయి. ఎముకకు కండర తాడు అతుక్కునే చోట లాగుడు ఎక్కువై వచ్చే నొప్పులవి. "పరుగెత్తితే అదే పోతుంది" అని పంపకండి, దూకుళ్లు, స్ప్రింట్లు తగ్గించండి. కుంటుతున్నా, రాత్రి నిద్రలో నొప్పి పుట్టినా డాక్టరుకు చూపించాలి. టీమ్ పిల్లలకు వారంలో కనీసం ఒక పూర్తి విశ్రాంతి రోజు ఉండాలి. వారానికి శిక్షణ గంటలు పిల్లల వయసు అంకె దాటకూడదనేది మంచి హద్దు, పన్నెండేళ్ల పిల్లాడికి పన్నెండు గంటలు, మ్యాచ్‌లతో కలిపి.

సెక్షన్ల పోటీలకు ఫిక్స్చర్ వేసేటప్పుడు నాకౌట్ జోలికి పోకండి. 14 సెక్షన్లతో నాకౌట్ పెడితే 13 మ్యాచ్‌లతో అయిపోతుంది, నిజమే. రెండు సెక్షన్లకు బై వస్తుంది, అంటే ఆడకుండానే రెండో రౌండ్‌కు వెళ్తాయి. కానీ మొదటి రౌండ్‌లోనే ఆరు సెక్షన్లు ఇంటికెళ్లిపోతాయి. తరగతుల వారీగా నాలుగైదు సెక్షన్ల గుంపులు చేసి లీగ్ ఆడించండి. నాలుగు జట్లకు 6 మ్యాచ్‌లు, ఐదింటికి 10. ఒక్క నియమం చేర్చండి: సెక్షన్‌లోని ప్రతి పిల్లా లీగ్‌లో కనీసం ఒక మ్యాచ్‌లో దిగాలి, లేకపోతే పాయింటు కోత.

ప్రమాదాల గురించి మూడు మాటలు బోర్డు మీద రాసి పెట్టుకోదగ్గవి. తలకు దెబ్బ తగిలి తికమకపడినా, కళ్లు తిరిగినా, తలనొప్పి అన్నా ఆ రోజుకు ఆట బంద్, ఎంత ముఖ్యమైన మ్యాచైనా సరే. మళ్లీ మళ్లీ వాంతులు, ముదిరే తలనొప్పి, ఫిట్స్, మగత, రెండు కళ్ల పాపలు వేర్వేరు సైజుల్లో కనబడటం, వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రికి. ఎండలో ఆడుతూ పిల్లాడు సంబంధం లేకుండా మాట్లాడినా, పడిపోయినా వడదెబ్బ అనుకోండి. అంబులెన్సుకు ఫోన్ చేయిస్తూనే చల్లబరచడం మొదలుపెట్టండి. దొరికితే చల్లటి నీళ్ల తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టి తల పట్టుకోండి. లేకపోతే ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి, మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు. మూడోది పిడుగులు. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేలోపు 30 లెక్కపెట్టలేకపోతే అందరూ పక్కా భవనంలోకి. చెట్టు కిందకు కాదు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాకే మళ్లీ గ్రౌండ్.

సెలవుల తర్వాత ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో శిక్షణ సగంతో మొదలుపెట్టి పెంచండి.

ఇప్పుడు మీ లేన్ల గొడవ. పిల్లల మాట నిజమే అయ్యుంటుంది. స్టాగర్ (బయటి లేన్లకు స్టార్ట్ గీతను ముందుకు జరపడం) సరిగా పడకపోతే, 200 మీటర్ల ట్రాక్‌పై పూర్తి రౌండులో ఆరో లేన్ పిల్లాడు మొదటి లేన్ వాడికంటే 38 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతాడు. మీ గ్రౌండ్‌కు సరిపోయే కొలతలు ఇవి.

రెండు నేరు భాగాలు ఒక్కోటి 40 మీటర్లు, రెండు వంపులు ఒక్కోటి 60 మీటర్లు. పరుగు గీత, అంటే దూరం కొలిచే ఊహా గీత, వ్యాసార్ధం 19.10 మీటర్లు. మీ ట్రాక్‌కు లోపలి గట్టు ఉండదు, గీతే కాబట్టి గీత బయటి అంచు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పరుగు కొలుస్తారు. అంటే మీరు గీయాల్సిన వ్యాసార్ధం 18.90. ఎత్తైన గట్టు ఉన్న ట్రాక్‌లకే మొదటి లేన్‌లో 30 సెంటీమీటర్ల లెక్క. గ్రౌండ్ మధ్యలో నిలువుగా ఒక గీత వేసి, దాని మీద 40 మీటర్ల ఎడంలో రెండు మేకులు దిగ్గొట్టండి. ఒక్కో మేకు దగ్గర గీతకు లంబంగా అటూ ఇటూ 18.90 మీటర్లు కొలిస్తే నాలుగు మూలలు వస్తాయి. లంబానికి 3-4-5 పద్ధతి (భుజాలు 3, 4, 5 ఉన్న త్రిభుజంలో లంబకోణం వస్తుంది) చాలు, కానీ 6, 8, 10 మీటర్లతో వేస్తే తప్పు తగ్గుతుంది. మూలల్ని కర్ణాలతో సరిచూడండి: రెండూ 55 మీటర్ల 3 సెంటీమీటర్లు రావాలి. రెండూ సమానంగా రాకపోతే పెట్టె వంకర పోయినట్టు. సున్నం ముట్టుకోకుండా మేకులు సరిచేయండి.

వంపులు గీయడానికి నైలాన్ తాడు వాడొద్దు, సాగుతుంది. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు తేడా వస్తే రౌండుకు 63 సెంటీమీటర్లు తేడా. సన్నటి ఇనుప తీగ తీసుకుని మేకు నుంచి 18.90, 20.12, 21.34, 22.56, 23.78, 25.00, 26.22 మీటర్ల దగ్గర గుడ్డ పీలికలు కట్టండి. ఆరు లేన్లు, ఒక్కోటి 1.22. మొత్తం ట్రాక్ 92.44 పొడవు, 52.44 వెడల్పు. నాలుగు వైపులా మూడుంపావు మీటర్లకు పైగానే చోటు మిగులుతుంది.

స్టాగర్: పూర్తి రౌండుకు లేన్‌కు 7.67 మీటర్లు. రెండో లేన్ 7.67, మూడు 15.33, నాలుగు 23.00, ఐదు 30.66, ఆరు 38.33 ముందుకు. వంపు మొదట్లో స్టార్ట్ పెట్టి, ప్రతి లేన్‌లో లోపలి గీతకు 20 సెంటీమీటర్ల బయట, వంపు వెంట టేపు పట్టి కొలవాలి. టేపును నేరుగా లాగితే వంపును కోసుకుపోతుంది, స్టార్ట్ గీత ఉండాల్సిన చోటు కంటే ముందుకు పడుతుంది. మీటరుకో పిల్లాణ్ణి నిలబెట్టి టేపును గీత వెంట ఒదిగేలా పట్టించండి. 400 మీటర్ల ట్రాక్ పట్టికలో చూసి రెండో లేన్‌కు 7.04 పెట్టడం తరచూ జరిగే తప్పు. అది గట్టున్న ట్రాక్ లెక్క. సున్నపు గీతల ట్రాక్‌పై అది పెడితే రెండో లేన్ పిల్లకు 63 సెంటీమీటర్ల నష్టం. ఇంకో తప్పు, సగం రౌండు స్టాగర్ 3.83ను పూర్తి రౌండుకు వాడటం. ఫినిష్ గీత మాత్రం అందరికీ ఒక్కటే, నేరుగా అడ్డంగా.

మీ గ్రౌండ్‌లో 100 మీటర్ల నేరు పరుగు పెట్టకండి. స్టార్ట్ వెనక 3 మీటర్లు, ఫినిష్ తర్వాత ఆగడానికి 17 మీటర్లు వదిలితే మిగిలేది 80. ట్రాక్ నేరు భాగాన్నే రెండు వైపులా పొడిగించి 80 మీటర్లు పెట్టండి. ఫినిష్ దాటగానే గోడ ఉంటే పిల్లలు చివరి పది మీటర్లు భయంతో తగ్గించి పరుగెత్తుతారు, లేదా గోడకే తగులుకుంటారు. టైమ్ తీసేవాళ్లకు స్టార్ట్ శబ్దం 80 మీటర్లు రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. స్టార్టర్ జెండా దించగానే చూసి వాచీ నొక్కాలి, చప్పుడు విని కాదు.

సున్నం గురించి ఒక హెచ్చరిక. కాల్చిన సున్నమైనా, దానికి నీళ్లు కలిపి పొడి చేసిందైనా చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. పిల్లల చేత చల్లించకండి. గీతలకు సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్ వాడండి. బస్తా మీద ఏది రాసి ఉందో చూసే కొనండి.

షాట్‌పుట్ వృత్తం వ్యాసం 2.135 మీటర్లు. గుండు పడాల్సిన సెక్టార్ కోణం 34.92 డిగ్రీలు, కోణమాపకం అక్కర్లేదు. వృత్తం మధ్య నుంచి 20 మీటర్ల దూరంలో రెండు గీతల మధ్య 12 మీటర్లుంటే కోణం సరిపోయినట్టే. అందరూ విసిరాక, మీరు చెప్పాకే అందరూ కలిసి వెళ్లి గుండ్లు చేత్తో తీసుకురావాలి. తిరిగి విసరడం ఉండదు. లాంగ్ జంప్ పిట్ ప్రతి సెషన్‌కు ముందు ఒక అడుగు లోతు తవ్వించి, గట్టిపడ్డ ఇసుక వదులు చేసి, దంతెతో టేకాఫ్ బోర్డు ఎత్తుకు సమం చేయండి. దంతెను పళ్లు కిందికుండేలా పక్కన పెట్టించండి. చిన్న తరగతుల పిల్లలకు 20 సెంటీమీటర్ల బోర్డు వద్దు. మీటరు వెడల్పు సుద్ద పట్టీ వేసి కాలి వేలు తగిలిన చోటు నుంచి కొలవండి, అప్పుడు ఫౌల్‌తో ఎవరూ ఏడవరు.

హీట్స్ (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పరుగులు) అన్నీ ముందు వారం పీరియడ్లలోనే ముగించి స్పోర్ట్స్ డేకు ఫైనల్స్ మాత్రమే ఉంచండి. ట్రాక్ ఫైనల్‌కు పిలుపుతో కలిపి ఆరు నిమిషాలు వేసుకోండి, గంటకు పది. లేన్‌కొక జడ్జిని కాకుండా స్థానానికొక జడ్జిని పెట్టండి: ఒకరు మొదటి వాణ్ణే, ఒకరు రెండోవాణ్ణే చూడాలి. ఇక ప్రతి సెక్షన్‌కూ ఒక క్లాస్ రిలే పెట్టండి. 44 మందీ తలా 50 మీటర్లు, మనిషికి పది సెకన్లనుకుంటే ఏడున్నర నిమిషాల్లో ముగుస్తుంది. ఆ రోజు గ్రౌండ్‌లో పరుగెత్తని పిల్ల ఒక్కతీ ఉండదు.

బంతులు చెడేది ఎక్కువగా ఆటలో కాదు, స్టోర్‌లో, పంపు దగ్గర. నీడిల్ తడపకుండా గుచ్చితే వాల్వు చీలుతుంది. వాలీబాల్‌లో గాలి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలే, అంటే బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. ఫుట్‌బాల్‌కు 0.6 నుంచి 1.1 దాకా, తరగతికి తక్కువ వైపే మంచిది. రాయిలా గాలి కొట్టి ఎండలో వదిలిన బంతి కుట్లు తెగిపోతాయి. వాలీబాల్‌ను కాలితో తన్నితే గుండ్రం పోతుంది, కూర్చున్నా అంతే. బంతుల మీద 1, 2, 3 అని నంబర్లు వేయండి. ప్రతి సెక్షన్‌లో ఇద్దరు స్టోర్ లీడర్లు: పీరియడ్ మొదట్లో ఐదు నంబర్లు రాసి తీసుకెళ్లి, చివర ఐదూ చూపించి సంతకం చేయాలి. ఒక నంబరు తగ్గితే ఆ సెక్షన్ గేటు దాటకముందే తెలుస్తుంది.

చివరి నెలలో రెండో ఫిట్‌నెస్ పరీక్ష అయ్యాక స్టాక్ రిజిస్టర్ తీసి, పాడైన ప్రతి వస్తువు పక్కన ఎందుకు పాడైందో ఒక్క మాట రాయండి: వాల్వు, కుట్లు, పోయింది, అరిగింది. "వాల్వు" అని పది చోట్ల కనబడితే వచ్చే ఏడాది ఇండెంట్‌లో (కావాల్సిన సామాను జాబితాలో) బంతుల కంటే ముందు నీడిల్స్, ప్రెషర్ గేజీ రాయాలి. నెట్లు కడిగి నీడలో ఆరబెట్టి చుట్టండి. గేజీ లేకుండా గాలి కొట్టొద్దని పంపు మీద కాగితం అంటించి, స్టోర్ తాళం ఇచ్చేటప్పుడు రిజిస్టర్ నకలు ఒకటి హెడ్మాస్టర్ గారి దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.